ప్రకటన గ్రంథం అర్థం కావట్లేదా? ముందు దానియేలు 8 ఇలా చదవండి

చాలామంది బైబిల్లో నేరుగా చివరి పుస్తకం ప్రకటన గ్రంథం తెరుస్తారు, ముద్రలు బూరలు 666 చూసి బెదిరిపోయి మూసేస్తారు, లేదంటే యూట్యూబ్‌లో ఎవరో బార్‌కోడే మృగం ముద్ర అంటుంటే వింటూ కూర్చుంటారు. నన్నడిగితే ముందు పాత నిబంధనలోని దానియేలు గ్రంథం 8వ అధ్యాయం పట్టుకోండి. 27 వచనాలే, పైగా జవాబు చాలావరకు అందులోనే ఉంది.

మొదట 14వ వచనం దాకా ఏ వ్యాఖ్యానమూ చూడకుండా చదివి, ఎవరు ఎవర్ని కొట్టారో కాగితం మీద రాసుకోండి చాలు. ఊలయి నది దగ్గర రెండు కొమ్ముల పొట్టేలు, రెండిట్లో ఆలస్యంగా మొలిచిందే పొడుగు కొమ్ము. పడమర నుంచి మేకపోతు నేలమీద కాలు ఆనకుండా దూసుకొచ్చి ఆ రెండు కొమ్ములూ విరగ్గొట్టి తొక్కేస్తుంది. తర్వాత దాని పెద్దకొమ్ము కూడా విరుగుతుంది, ఆ చోట నాలుగు మొలుస్తాయి, అందులో ఒకదాన్నుంచి ఓ చిన్నకొమ్ము.

ఇప్పుడు 15 నుంచి చదవండి. దేవదూత గబ్రియేలే పేర్లు పెట్టి చెప్పేస్తాడు, పొట్టేలు మాదీయ పారసీక రాజులు, మేకపోతు గ్రీకు రాజు అని. ఆలస్యంగా మొలిచి పొడుగైన కొమ్ము ఎవరో ఇక మీరే చెప్పగలరు, మాదీయుల తర్వాత లేచి వాళ్లని మించిపోయిన పారసీకులు.

మూడోది, పక్కన చరిత్ర పెట్టుకోవడం. మేకపోతు పెద్దకొమ్ము అలెగ్జాండర్, క్రీ.పూ. 323లో బబులోనులో చనిపోయాడు, సామ్రాజ్యాన్ని సేనాపతులు పంచుకున్నారు. చిన్నకొమ్ము పేరు వచనంలో లేదు గానీ ఎక్కువమంది పండితులు చెప్పేది అలా పంచుకున్న రాజ్యాల్లో ఒకటైన సిరియాని ఏలిన నాలుగో అంతియొకస్ అనే, క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయంలో అనుదిన బలి ఆపించి దాన్ని అపవిత్రం చేసినవాడు. 164లో అతని మీద తిరగబడ్డ యూదులు, మక్కబీయులు, ఆలయాన్ని తిరిగి శుద్ధి చేసుకున్నారు, యూదుల హనుక్కా పండగ అదే. దానియేలు గ్రంథం క్రీ.పూ. ఆరో శతాబ్దంలోనే రాశారని సంప్రదాయం, అంతియొకస్ కాలంలో రాశారని చాలామంది పండితులు. ఆ గొడవ తేలేదాకా ఆగక్కర్లేదు, చదవడం కానివ్వండి.

లెక్కల జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. 14వ వచనంలో 2300 సాయంకాల ఉదయాలు ఉంది కదా, అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు రోజుకో ఏడాది చొప్పున క్రీ.పూ. 457 నుంచి లెక్కేశాడు, చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22న యేసు వస్తాడని ఎదురుచూశారు, రాలేదు.

ఇంకోటి, ప్రవక్తల మాటలన్నీ ఇలాగే చదవకండి. నలభై రోజుల్లో నీనెవె నాశనం అని యోనా చెప్పాడు, జనం మారారు, ఊరు నిలిచింది. అది హెచ్చరిక, జనం చేతిలో ఇంకా ఏదో ఉంది. దానియేలుకి మాత్రం ఇది చాలా రోజుల తర్వాతి సంగతి, దాచిపెట్టు అని చెప్తారు.

ఇక ప్రకటన 13 తెరవండి, దానియేలు 7 పక్కనే పెట్టుకుని. అక్కడ విడివిడిగా వచ్చిన సింహం, ఎలుగుబంటి, చిరుతపులి, పది కొమ్ములు ఇక్కడ ఒకే మృగంలో కనిపిస్తాయి. 17వ అధ్యాయంలో దేవదూత మళ్లీ విప్పి చెప్తాడు, ఏడు తలలు ఏడు కొండలు అని. అది ఏడు కొండల ఊరు రోమ్ అని, ఈ గ్రంథం ఎవరికి రాశారో ఆసియాలోని ఆ ఏడు సంఘాలవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.