ఫ్రెంచి ప్రాంతాల తిండి, వైన్ – 5వ పాఠం: వైన్ పాడవలేదు, అది జురా వాసన

ఈసారి ఆల్సాస్ గురించి చెప్పుకుందామని పోయిన పాఠం చివర రాశాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. నాలుగో పాఠంలో ఇచ్చిన అభ్యాసం చిన్నదే: ఒక కోంతే చీజ్ ముక్క, దాంతో తూర్పు ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతపు సవాన్యా వైట్ వైన్ ఒక గ్లాసు. చేసినవాళ్లలో చాలామంది "వైన్ పాడైపోయింది, సింకులో పోసేశాం" అని రాశారు. ఇంకొందరు "వైన్ శుభ్రంగా, నిమ్మకాయలా పుల్లగా ఉంది, మీరన్న అక్రోటు వాసన మాత్రం ఎంత వెతికినా లేదు" అన్నారు. రెండు వర్గాలూ కొన్నది సవాన్యానే, రెండూ చెప్పింది నిజమే. "సవాన్యా కొనండి" అని రాసి ఊరుకోవడం నా పొరపాటు. కొనే ముందు ఏ సవాన్యా అని అడగాలి.

సవాన్యా ఒక ద్రాక్ష పేరు. దాంతో జురాలో రెండు రకాల వైన్ చేస్తారు. తేడా అంతా పీపా దగ్గరే వస్తుంది. పీపాలో ఉన్న వైన్ చెక్క గుండా కొంచెం కొంచెంగా ఆవిరై, పైన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని ఎప్పటికప్పుడు అదే వైన్‌తో పూడిస్తే గాలి తగలదు. ఫ్రాన్స్‌లో దాదాపు అన్నిచోట్లా చేసే పని ఇది. ఇలా నింపుతూ వచ్చిన వైన్‌ని 'ఉయ్యే' అంటారు. జురాలో మాత్రం కొన్ని పీపాలను కావాలనే నింపకుండా వదిలేస్తారు. అప్పుడు వైన్ మీద ఈస్ట్ పలచటి పొర కడుతుంది, తెల్లగా, ముడతలు ముడతలుగా. తరవాణి కుండలో పైన తేలే పొరను చూసినవాళ్లకి ఇది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. దాన్ని 'వ్వాల్' అంటారు, మేలిముసుగు అని అర్థం. ఆ పొర పైనుంచి వచ్చే గాలిని చాలావరకు తానే వాడేసుకుంటుంది, కింద ఉన్న ఆల్కహాలులో కొంత తిని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. కోసి పెట్టిన ఆపిల్ వాసన, పచ్చి అక్రోటు వాసన ఎక్కువగా దాని వల్లే వస్తాయి.

లేబుల్ మీద వెతకాల్సిన అక్షరాలు ఇవి. ఓ, యు, ఐ, ఎల్, ఎల్, ఇ అని కనిపిస్తే ఉయ్యే, నింపిన రకం. వి, ఓ, ఐ, ఎల్, ఇ కనిపిస్తే వ్వాల్, పొర కింద పెరిగిన రకం. 'ట్రాదిస్యోన్' అని ఉంటే సాధారణంగా షార్దొనే అనే మరో ద్రాక్ష, సవాన్యా కలిపి పొర కింద పెట్టినది. 'నాతురే' అనేది సవాన్యాకి జురాలోని ఆర్బ్వా ఊరి వైపు వాడే పాత పేరు, ఆ మాట ఉన్న సీసాలు ఎక్కువగా నింపిన రకమే. ఏమీ రాయకపోతే రంగు చూసి ఊహించొద్దు, దుకాణంలో "ఉయ్యేనా, కాదా?" అని అడగండి. జురా వైన్ అమ్మేవాడికి ఈ ప్రశ్న తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఆ దుకాణంలో జురా వైన్ కొనకండి.

పొర కింద పెరిగే వైన్లలో పెద్దది వ్యా జోన్, అంటే పసుపు వైన్. సవాన్యా తప్ప మరో ద్రాక్ష వాడరు. పంట కోసిన తర్వాత ఆరో ఏడాది డిసెంబరు 15 దాకా అది పీపాల్లోనే ఉండాలి, అందులో కనీసం 60 నెలలు నింపకుండా, పొర కింద. 2018లో కోసిన ద్రాక్ష 2025 మొదట్లో కొనేవాళ్ల చేతికి వచ్చిందన్నమాట. సీసా కూడా వేరు: పొట్టిగా, భుజాలు బరువుగా, 62 సెంటీలీటర్లు. పేరు క్లావ్‌లా. లీటరు వైన్ పీపాలో పెడితే చివరికి మిగిలేది అంతేనని ఆ కొలతకి చెప్పే లెక్క. షాతో-షాలోన్ అని రాసి ఉంటే ఆ ఊరి చుట్టుపక్కల కొండవాలు తోటల వ్యా జోన్. ఆ పేరుతో మరో రకం వైన్ ఉండదు. అక్కడ కోతకు ముందు ఒక బృందం తోటలు తిరిగి పంట చూస్తుంది. 1974, 1980, 1984, 2001ల్లో పంట ఆ స్థాయిలో లేదని ఆ పేరుతో ఒక్క సీసా కూడా రాలేదు. జురాలో ఎర్ర వైన్లు, బుడగలు లేచే క్రెమాన్, ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తియ్యటి వైన్ కూడా ఉన్నాయి. ఈ పాఠానికి అవి అక్కర్లేదు.

ఇప్పుడు ముక్కుకి పని. వ్యా జోన్ వాసనకు గుర్తింపు ఇచ్చే పదార్థం పేరు సోటోలోన్. అది మన వంటింట్లోనే ఉంది. మెంతుల వాసనలో ప్రధానమైనది కూడా అదే. ఫ్రెంచివాళ్లు దీన్ని "కర్రీ వాసన" అని రాస్తుంటారు. మనకి అంత చుట్టుతిరుగుడు అవసరం లేదు.

వైన్ తెరవడానికి ముందు ఇలా చేయండి. ఒక చెంచా మెంతులు సన్నని సెగ మీద నూనె లేకుండా వేయించండి. రంగు ఒక్క ఛాయ మారగానే దించాలి, ఎర్రబడితే చేదు వాసన మిగతా అన్నిటినీ కప్పేస్తుంది. కచ్చాపచ్చాగా దంచి వైన్ గ్లాసులో వేసి, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి, పైన సాసర్ మూసి ఐదు నిమిషాలు ఉంచండి. పక్కన నాలుగు అక్రోటు పలుకులు, కోసి పావుగంట వదిలేసిన ఆపిల్ ముక్క. సాసర్ తీసి మెంతుల గ్లాసు వాసన చూడండి. మొదట ఘాటు తగులుతుంది. కాసేపు ఆగి మళ్లీ చూస్తే అడుగున పాకం మాడబోతున్నట్టు ఒక తీపి ఉంటుంది. మీకు కావాల్సింది ఆ తీపే. తర్వాత అక్రోటు నమలండి, ఆపిల్ వాసన చూడండి. మూడూ అయ్యాక వైన్ గ్లాసు ఎత్తండి. పోయిన వారం "పాడైంది" అనిపించిన వాసన ఈ మూడింటిగా విడిపోతుంది.

ఇక "పాడైంది" అనే మాట దగ్గర ఆగుదాం. ఈ ఒక్క మాట వల్ల మంచి వైన్ ఎంతో సింకుల్లోకి పోతోంది, అది చూస్తే నాకు నిజంగా బాధ. వైన్ పాడవడం అంటే ఒక్క సంగతి కాదు, కనీసం మూడు. మొదటిది వెనిగర్ తిరగడం. గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే గోళ్ల రంగు తుడిచే మందులాంటి వాసన గుచ్చుతుంది, మింగితే గొంతు మండుతుంది. పొర చిరిగి చెడు బాక్టీరియా చేరితే పీపాలో కూడా ఇది జరుగుతుంది, అందుకే తయారుచేసేవాళ్లు ఏళ్ల తరబడి పీపాలను పరీక్షిస్తూ ఉంటారు. రెండోది బిరడా దోషం: తడిసిన అట్టపెట్టె, ముక్కిన గోనెసంచి వాసన. గ్లాసులో అరగంట ఉంచినా అది పోదు, ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ వస్తే మొహమాటం లేకుండా సీసా వెనక్కి ఇచ్చేయండి. మూడోది ఆక్సీకరణ. గందరగోళమంతా ఇక్కడే. కోసిన ఆపిల్ వాసన ఉయ్యే వైన్‌లో వస్తే అది దోషం, ఎందుకంటే దాన్ని గాలి తగలకుండా పెంచారు. అదే వాసన పొర కింద పెరిగిన వైన్‌లో వస్తే అది లక్షణం, దానికోసమే ఏళ్ల తరబడి ఆగారు. ఆవకాయలో ఆవఘాటు ఉందని ఎవరూ వెనక్కి ఇవ్వరు, అదే ఘాటు వెన్నలో వస్తే పారేస్తారు.

సీసా ఏ రకమో తెలియకుండా గ్లాసు మాత్రమే చేతికి వస్తే? మింగి లెక్కపెట్టండి. గాలి తగిలి చచ్చిపోయిన మామూలు వైన్ ఐదు లెక్కపెట్టేలోగా నోట్లోంచి మాయమవుతుంది, చప్పగా ముగుస్తుంది. పొర కింద పెరిగిన మంచి వైన్ ముప్పై దాటినా నాలుక పక్కల ఉప్పగా, అక్రోటుగా నిలబడే ఉంటుంది. నేను వాసనకంటే ఈ లెక్కనే ఎక్కువ నమ్ముతాను.

వేడిమి గురించి. ఫ్రిజ్‌లోంచి నేరుగా పోసినవాళ్లకి పులుపు తప్ప ఏమీ తెలియలేదు, తెలియదు కూడా. వ్యా జోన్ 14 నుంచి 16 డిగ్రీల మధ్య తాగాలి. "గది వేడిమి" అన్న పాత ఫ్రెంచి సలహా చలిదేశపు రాతి ఇళ్లలో పుట్టింది, మే నెల విజయవాడకు కాదు. ఫ్రిజ్‌లోంచి తీశాక మన ఇళ్లలో ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. వంటింటి థర్మామీటర్ ఉంటే గ్లాసులోనే ముంచి చూడండి. సీసా మూత రెండు మూడు గంటల ముందే తీయండి. గాలికి అలవాటుపడ్డ వైన్ కాబట్టి దానికేమీ కాదు, తెరిచిన సీసా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారాల తరబడి నిలుస్తుంది. ఉయ్యే రకం మాత్రం 10 నుంచి 12 డిగ్రీల దగ్గర తాగాలి, మూడు రోజుల్లో ముగించాలి.

కోంతే విషయంలో "రబ్బరులా ఉంది" అన్నవాళ్లు కూడా ఫ్రిజ్‌లోంచే తిన్నారు. చల్లటి చీజ్‌లో కొవ్వు గట్టిపడి ఉంటుంది, వాసన బయటికి రాదు. చలిదేశాల్లో గంట ముందు తీయాలి, ఇక్కడ ఇరవై నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంటే చెమట పట్టినట్టు నూనె పైకి తేలుతుంది. ముక్కని లోపలి కొస నుంచి చెక్కు (చీజ్ గట్టి పైపొర) వైపుకి పొడవుగా, అర సెంటీమీటరు మందాన కోయండి. చెక్కు పక్కన రుచి ఘాటుగా, మధ్యలో మెత్తగా ఉంటుంది, ప్రతి ముక్కలో రెండూ రావాలి. తినేముందు రెండుగా విరిచి, విరిగినచోట వాసన చూడండి. కాచిన పాలు, వెన్న, వేయించిన ఉల్లిపాయ, ఏదో ఒకటి దొరుకుతుంది. పళ్లకింద కరకరలాడే తెల్లటి పలుకులు ఉప్పు కావు, ప్రొటీన్ విడిపోయి గడ్డకట్టిన టైరోసిన్ అనే అమైనో ఆమ్లం.

ఈ చీజ్ పచ్చిపాలతోనే చేయాలి, సుమారు 40 కిలోల చీజ్ చక్రానికి 400 లీటర్ల పాలు పడతాయి. ఆవులు మోంబెలియార్డ్ లేదా ఫ్రెంచి సిమెంటాల్ జాతివి, వాటికి పులియబెట్టిన మేత పెట్టకూడదు. వేసవి పచ్చిగడ్డి పాలతో చేసినది పసుపు రంగు, చలికాలపు ఎండుగడ్డి పాలతో చేసినది పాలిపోయిన రంగు. కనీసం 120 రోజులు మాగాలి. 24 నెలలదే గొప్పదని ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. వ్యా జోన్ పక్కన నాకు 12 నుంచి 15 నెలలదే ఇష్టం, ముసలి కోంతే వైన్‌ని తోసేస్తుంది. చక్రం అంచున పట్టీ ఆకుపచ్చ రంగుదైతే పరీక్షలో 20కి 14 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినట్టు, గోధుమరంగుదైతే 12కి పైన, 14కి లోపు. ఇంకొకటి ముందే చెప్పాల్సింది: పాలు విరిచేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో. నిష్ఠగా శాకాహారం పాటించేవాళ్లకి కోంతే పనికిరాదు.

మిగిలిన వైన్ వంటలో వాడొచ్చా అని అడిగారు. వాడొచ్చు, జురాలో వాడే తీరు కోడికూర. కిలోన్నర కోడిని ఎనిమిది ముక్కలు చేసి 40 గ్రాముల వెన్నలో లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించి, సన్నగా తరిగిన రెండు చిన్న ఉల్లిపాయలు వేసి, 150 మిల్లీలీటర్ల వైన్ పోసి, మూతపెట్టి సన్నసెగన 35 నిమిషాలు ఉడికించండి. 30 గ్రాముల ఎండు మోరెల్ పుట్టగొడుగులు (హిమాలయాల గుచ్చి ఇదే జాతి) అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఇసుక పోయేలా కడిగి, కోడి ఉడకడం మొదలైన పది నిమిషాలకే వేయండి. పచ్చివి, సగం ఉడికినవి కడుపుని పాడుచేస్తాయి, కనీసం 20 నిమిషాలు ఉడకాలి. చివర 300 మిల్లీలీటర్ల చిక్కటి క్రీమ్. కొవ్వు తక్కువ క్రీమ్ వైన్ పులుపుకి విరిగిపోతుంది. దించాక మూడు చెంచాల పచ్చి వైన్ పైన కలపండి, ఉడికిన వైన్‌లో పోయిన వాసన దానితో తిరిగి వస్తుంది. ఇందుకు క్లావ్‌లా సీసా ఖర్చు చేయొద్దు, పొర కింద పెరిగిన మామూలు సవాన్యా సరిపోతుంది.

అభ్యాసం ఈసారి మూడు రోజులది. ఒక ఉయ్యే సవాన్యా, ఒక వ్వాల్ సవాన్యా, 12 నెలల కోంతే 150 గ్రాములు. వ్వాల్ దొరక్కపోతే స్పెయిన్ వాళ్ల ఫినో షెర్రీ తెచ్చుకోండి. ఆల్కహాలు కలిపిన వైన్, రుచి అదే కాదు, అయినా అది కూడా ఈస్ట్ పొర కిందే పెరుగుతుంది. వైన్ ముట్టనివాళ్లు మెంతులు, అక్రోటు, ఆపిల్, కోంతేలతోనే మూడు రోజులూ చేయొచ్చు.

మొదటి రోజు ఇంట్లో ఎవరిచేతైనా రెండు వైన్లూ 50 మిల్లీలీటర్ల చొప్పున, సీసాలు కనపడకుండా పోయించుకుని ఏది ఏదో రాయండి. రెండో రోజు ఒక్కో గ్లాసు ముందు కోంతే విరిచి నమిలి, చీజ్ నోట్లో ఉండగానే ఒక గుక్క తాగి, మింగాక లెక్కపెట్టిన అంకె రాయండి. మూడో రోజు అదే పని, ఈసారి మధ్యముక్క వేరుగా, చెక్కుపక్క ముక్క వేరుగా. మొత్తం ఆరు అంకెలు వస్తాయి. వాటి పక్కన వాసన పేరు మీ మాటల్లోనే రాయండి, "అక్రోటు" అని నేను అన్నాను కదా అని కాకుండా, నిజంగా తగిలితేనే.