ఎగుమతికి ఎల్‌సీ, ప్రాజెక్టుకు బ్యాంక్ గ్యారంటీ: ఎలా తీసుకోవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి?

జీడిమెట్లలో బల్క్ డ్రగ్స్ తయారుచేసే ఒక చిన్న యూనిట్‌కు వియత్నాం నుంచి మొదటి ఆర్డర్ వచ్చిందనుకుందాం. సరుకు పంపాక డబ్బు రాదేమోనని మనకు భయం. డబ్బు కట్టాక సరుకు రాదేమోనని వాళ్లకు భయం. అప్పుడు బయ్యర్ తన బ్యాంకు చేత రాయించి పంపే హామీ లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే ఎల్‌సీ. చెప్పిన కాగితాలు చెప్పిన తేదీలోపు అందితే డబ్బు బ్యాంకే ఇస్తుంది.

బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకుని కాదు. ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ నియమావళి, 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600, ఈ మాట స్పష్టంగా చెబుతుంది. సరుకు ఎంత నాణ్యమైనదైనా కాగితాల్లో తప్పుంటే బ్యాంకు డబ్బు ఆపేయవచ్చు. కాబట్టి మీ శ్రద్ధంతా ఎల్‌సీ రాకముందే మొదలవ్వాలి.

మొదటి అడుగు: ఏర్పాట్లు

కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ నుంచి ఐఈసీ నంబరు, అంటే ఎగుమతి దిగుమతిదారు కోడ్, తీసుకోండి. మీ బ్యాంకు ఏడీ కోడ్‌ను (విదేశీ మారకం లావాదేవీలు చేసే బ్యాంకుకు ఉండే కోడ్) కస్టమ్స్‌లో నమోదు చేయించండి. మీ బ్రాంచిలో ఫారెక్స్ పని జరగకపోతే, ఆ పని చూసే బ్రాంచి ఏదో ముందే కనుక్కోండి.

రెండో అడుగు: డ్రాఫ్ట్ అడగండి

ఎల్‌సీ తెరిచేముందే దాని ముసాయిదా (డ్రాఫ్ట్) పంపమని బయ్యర్‌ని అడగండి. ఇందులో మొహమాటం వద్దు. ఎల్‌సీ ఎంటీ700 అనే స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య నడిచే నెట్‌వర్క్) సందేశంగా వస్తుంది. అందులో కొన్ని గడులను వేలు పెట్టి చదవాలి.

31డీలో గడువు తేదీతో పాటు ఊరు కూడా ఉంటుంది. అక్కడ ఇండియా ఉండాలి. వియత్నాం అని ఉంటే, ఆ తేదీకల్లా కాగితాలు అక్కడికి చేరాలి. కొరియర్ ఆలస్యమైనా నష్టం మీదే.

44సీ, సరుకు ఓడెక్కాల్సిన ఆఖరి తేదీ. హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. కంటైనర్ సనత్‌నగర్ డిపో నుంచి రైల్లో ముంబై దగ్గరి న్హవా షేవా ఓడరేవుకు వెళ్లి, అక్కడ ఓడెక్కుతుంది. ఎల్‌సీ ఆన్ బోర్డ్ బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందని రవాణా సంస్థ ఇచ్చే పత్రం) అడిగితే, ఓడెక్కిన తేదీనే లెక్క. సనత్‌నగర్‌లో అప్పగించిన తేదీ పనికిరాదు. కాబట్టి ఆ ప్రయాణానికి సరిపడా రోజులు అడగండి. లేదా రైలు, ఓడ రెండు ప్రయాణాలకూ కలిపి ఇచ్చే మల్టీమోడల్ రవాణా పత్రం చాలని రాయించుకోండి. ఓడరేవు పేరు రాసే గడిలో ఒక్క పేరే కాకుండా ‘ఇండియాలో ఏ పోర్టయినా’ అని ఉంటే ఇంకా నిశ్చింత.

46ఏలో కావలసిన పత్రాల జాబితా ఉంటుంది. బయ్యర్ సంతకం చేసిన ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ అడిగితే ఒప్పుకోవద్దు. ఆయన సంతకం పెట్టనంటే మీ డబ్బు ఆగినట్టే. దాని బదులు తటస్థ తనిఖీ సంస్థ సర్టిఫికెట్ ఇస్తామనండి.

బయ్యర్ బ్యాంకు మీద నమ్మకం చాలకపోతే మరో మంచి బ్యాంకు చేత కన్ఫర్మ్ చేయించమనండి, అంటే ఆ బ్యాంకు కూడా డబ్బుకు హామీ ఇస్తుంది. ఖర్చు పెరుగుతుంది కానీ, కొత్త దేశంతో మొదటి లావాదేవీకి అది దండగ కాదని నా అభిప్రాయం.

మూడో అడుగు: సవరణ వచ్చాకే ఉత్పత్తి

అసలు ఎల్‌సీలో తేడాలుంటే ఎంటీ707 ద్వారా సవరణ రావాలి. ‘మారుస్తాంలే, మీరు మొదలుపెట్టండి’ అన్న ఫోన్ మాటకు విలువలేదు.

నాలుగో అడుగు: కాగితాలు

ఇన్వాయిస్‌లో సరుకు వివరణ ఎల్‌సీలో ఉన్నట్టే రాయండి, సొంతంగా మెరుగులు దిద్దొద్దు. ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే షిప్‌మెంట్ అయిన 21 రోజుల్లోపు, అదీ ఎల్‌సీ గడువు దాటకుండా కాగితాలు ఇవ్వాలి. పరిశీలనకు బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు పని రోజులుంటాయి. తప్పు దొరికినా గడువు మిగిలుంటే సరిచేసి మళ్లీ ఇవ్వొచ్చు. ఆఖరి రోజున ఇస్తే ఆ వీలుండదు. అప్పుడు బయ్యర్ ఒప్పుకుంటేనే డబ్బు, ధర తగ్గించమని బేరం మొదలయ్యేదీ అప్పుడే. అందుకే సీహెచ్‌ఏ (కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు) నుంచి బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్ రాగానే ఎల్‌సీ పక్కన పెట్టుకుని పంక్తి పంక్తీ సరిచూడండి.

మీరే దిగుమతిదారైతే

అప్పుడు ఎల్‌సీ తెరవాల్సింది మీరు. దానికి బ్యాంకు మీకు లిమిట్ (ఎంత మొత్తం దాకా ఎల్‌సీలు తెరవొచ్చన్న పరిమితి) ఇవ్వాలి. ఎఫ్‌డీ రూపంలో మార్జిన్, అంటే హామీ సొమ్ము, అడుగుతుంది, కమిషన్, దానిపై జీఎస్టీ ఉంటాయి. దిగుమతి రుణాలకు వాడిన లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్‌లను (దిగుమతిదారు తరఫున బ్యాంకు ఇచ్చే హామీ పత్రాలు) రిజర్వ్ బ్యాంక్ 2018 మార్చిలో ఆపేసింది. ఎల్‌సీలు, గ్యారంటీలు నిబంధనలకు లోబడి కొనసాగుతున్నాయి.

ప్రాజెక్టులకు

కాంట్రాక్టు పనుల్లో బ్యాంక్ గ్యారంటీ, విదేశీ పార్టీలైతే ఎక్కువగా స్టాండ్‌బై ఎల్‌సీ అడుగుతారు. ఎల్‌సీ పని సవ్యంగా జరిగితే డబ్బిచ్చేది. ఇవి పని చెడితే వాడేవి. టెండర్‌కు, పనితీరుకు, అడ్వాన్సుకు వేర్వేరుగా ఉంటాయి. అడ్వాన్స్ గ్యారంటీలో, అడ్వాన్స్ సర్దుబాటయిన కొద్దీ గ్యారంటీ మొత్తం తగ్గాలన్న షరతు తప్పక రాయించండి. లేకపోతే తీరిపోయిన అడ్వాన్సుకు కూడా చివరిదాకా కమిషన్ కట్టాలి. ఏ నియమాలు వర్తిస్తాయో కూడా రాసి ఉండాలి. అవతలి పార్టీ అడిగితే బ్యాంకు డబ్బివ్వాల్సిన డిమాండ్ గ్యారంటీకి యూఆర్‌డీజీ 758, స్టాండ్‌బైకి ఐఎస్‌పీ98 వాడుకలో ఉన్నాయి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ‘పెద్ద విదేశీ బ్యాంకు స్టాండ్‌బై ఎల్‌సీ లీజుకిప్పిస్తాం, దాన్ని చూపించి కోట్లు తెచ్చుకోండి, ముందు ఫీజు కట్టండి’ అంటూ వచ్చే బ్రోకర్లను దగ్గరకు రానివ్వకండి. ఇలాంటి పథకాలు మోసమని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ కూడా హెచ్చరించింది. ప్రాజెక్టుకి డబ్బు దొరక్క టెన్షన్‌లో ఉన్నవాళ్లనే వీళ్లు వెతుక్కుంటారు. స్టాండ్‌బై ఎల్‌సీ సాధారణంగా ఎంటీ760 అనే స్విఫ్ట్ సందేశంగా, బ్యాంకు నుంచి బ్యాంకుకు వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను నమ్మకుండా, మీ బ్యాంకు చేతే నిజానిజాలు తేల్చుకోండి.

పని పూర్తయ్యాక గ్యారంటీ పత్రాన్ని, బాధ్యత తీరిందన్న లేఖను అవతలి పార్టీ నుంచి తీసుకుని బ్యాంకులో ఇవ్వండి. బ్యాంకు గ్యారంటీని రద్దుచేశాక మార్జిన్ కింద పెట్టిన ఎఫ్‌డీ విడిపించమని రాతపూర్వకంగా అడగండి.