మార్చిలో మంచుకొండ ఎక్కేవారికి: గెడ్డ (కొండవాగు) పట్టుకుని దిగకండి

శివరాత్రి వెళ్లిందంటే నా ఫోను మోగడం మొదలవుతుంది. "మాస్టారూ, చోప్తా వెళ్తున్నాం. పొద్దున్నే తుంగనాథ్ ఎక్కి సాయంత్రానికి దిగిపోతాం. మంచు కూడా చూసినట్టుంటుంది." తుంగనాథ్ ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని శివాలయం, చోప్తా దాని కింద దారి మొదలయ్యే చోటు. విజయనగరంలో అప్పటికే పగలంతా ఫ్యాన్లు తిరుగుతుంటాయి కాబట్టి హిమాలయాల్లోనూ చలి తగ్గే ఉంటుందని వీళ్ల లెక్క. 2025లో సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి 28న, బదరీనాథ్ దాటాక వచ్చే మానా దగ్గర రోడ్డు పనివాళ్ల శిబిరం మీదికి మంచు విరుచుకుపడింది. 8 మంది చనిపోయారు. వాళ్లు సరదాకు వెళ్లినవాళ్లు కారు, పనికోసం ఆ మంచులోనే ఉంటున్నవాళ్లు. అంతకు ముందటి ఏడాది ఉత్తరాఖండ్‌లోనే సహస్రతాల్ సరస్సుల దారిలో 22 మంది బృందం మంచుతుఫానులో చిక్కుకుంటే 9 మంది తిరిగిరాలేదు. అది జూన్ నెల.

మన భాషలో ఒక చిక్కుంది. లంబసింగిలో తెల్లారి కనిపించేదీ మంచే, హిమాలయాల్లో నడుములోతు పేరుకునేదీ మంచే. మాట ఒకటే అయ్యేసరికి మనవాళ్లకు భయం పుట్టదు.

స్వెట్టర్లు, టార్చి, మందుల డబ్బా వంటి జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచింది ఒకటే తప్పు గురించి. అది తెలివితక్కువవాళ్లు చేసే తప్పు కాదు. కొండలు బాగా తెలుసనుకునే మనవాళ్లే చేస్తారు.

సాలూరు కొండల్లోనో దేవమాలి దగ్గరో దారి తప్పితే ఏం చేస్తాం? గెడ్డ పట్టుకుని కిందికి దిగుతాం. గెడ్డ వెంట పోతే చేను, చేను పక్కన ఊరు. చిన్నప్పటి నుంచి విన్న మాట, మన కొండల్లో అది నిజం కూడా. హిమాలయాల్లో, అందులోనూ మార్చిలో, ఆ మాటే మనిషిని చంపుతుంది.

మంచు కప్పిన గెడ్డ పైనుంచి చూస్తే తెల్లటి రోడ్డులా నున్నగా, నేరుగా కిందికి పోతూ కనిపిస్తుంది. మార్చి ఎండకు కరిగిన నీరు దాని అడుగున పారుతూ లోపల డొల్ల చేస్తుంది. నేలబావి మీద తాటాకులు పరిచినట్టన్నమాట. ఇక రెండు వైపుల వాలు మీద జారిన మంచంతా వచ్చి పడేది ఆ గెడ్డలోకే. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోట మంచు విరిగిపడే ప్రమాదం ఎక్కువ, మధ్యాహ్నం ఎండకు అది ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ తప్పించుకున్నా, గెడ్డ ఎక్కడో ఒకచోట జలపాతమై దూకుతుంది. ఆ అంచు పైనుంచి వచ్చేవాడికి కనిపించదు.

రెండేళ్ల కిందట మార్చిలో మేము 11 మందిమి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో మేఘం కమ్మేసింది. బొబ్బిలి కుర్రాడొకడు, వాడి బావ వెనకబడ్డారు. అంతకు కాసేపటి ముందే కింద చోప్తా దుకాణాల రేకులు కనిపించాయట. "బావా, వంకర దారెందుకు, ఈ గెడ్డలో దిగితే పది నిమిషాలు" అన్నాడట కుర్రాడు. ఇరవై అడుగులు దిగారో లేదో పైపొర విరిగి నడుము దాకా కూరుకుపోయాడు. కాళ్ల కింద నీళ్ల చప్పుడు వినిపించిందట. బావ మఫ్లరు అందించి లాగితే మనిషి వచ్చాడు గానీ ఎడమకాలి బూటు లోపలే ఉండిపోయింది. బావ మెడలో ప్లాస్టిక్ ఈల ఉంది కాబట్టి, అది ఊదుతూనే ఉన్నాడు కాబట్టి, రెండు గంటల తర్వాత మా గైడు వాళ్లను చేరుకోగలిగాడు. ఆ కుర్రాడికి ఎడమకాలి రెండు వేళ్లకు స్పర్శ ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

దారి కనిపించకపోతే ఆగండి. మీ అడుగుల జాడ చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడవండి. దానికోసం మళ్లీ పైకి ఎక్కాల్సివచ్చినా ఎక్కండి. జాడ కూడా చెరిగిపోతే అందరూ ఒకచోట చేరి, బ్యాగుల మీద కూర్చుని, ఈల ఊదండి. గెడ్డలోకి మాత్రం దిగకండి.

ఇక సమయం సంగతి. చోప్తా నుంచి తుంగనాథ్ సుమారు మూడున్నర కిలోమీటర్లే అనగానే రామతీర్థం కొండ ఎక్కినట్టే అనుకుంటారు. ఆలయం ఉన్నది 3,680 మీటర్ల ఎత్తున. పైనున్న చంద్రశిల దాదాపు 4,000. తెల్లవారుజామున మంచు రాయిలా గడ్డకట్టి మనిషిని మోస్తుంది. మధ్యాహ్నానికి మెత్తబడి తొడ దాకా దిగబడుతుంది. సాయంత్రానికి అదే మళ్లీ గాజులా బిగుస్తుంది. అందుకే అయిదింటికల్లా బయలుదేరండి, 11 గంటలకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. "ఇంత దూరం వచ్చి దర్శనం కాకుండానా?" అంటారు పెద్దవాళ్లు. అమ్మా, మార్చిలో గుడి మూసే ఉంటుంది. చలికాలమంతా స్వామి పూజలు అందుకునేది కింద మక్కూమఠ్‌లో. తాళం చూడటానికి ప్రాణం పెట్టనక్కరలేదు.

సముద్రమట్టం నుంచి వచ్చి మర్నాడే ఎక్కేయకండి. సమతా ఎక్స్‌ప్రెస్ దిగి, ఢిల్లీ నుంచి రాత్రికి రాత్రే బస్సు పట్టుకుని, నిద్రలేని కళ్లతో కొండ మొదలుపెట్టేవాళ్లను చూశాను. దారిలో వచ్చే ఊఖీమఠ్‌లో ఒక రాత్రి, చోప్తాలో ఒక రాత్రి పడుకోండి. తలనొప్పితో పాటు వాంతి వచ్చిందంటే దిగిపోవడమే మందు. టీ తాగితే తగ్గుతుందని కూర్చోబెట్టకండి.

నూలు బనియను వేసుకోకండి, చెమటకు తడిస్తే ఆరదు, ఆగిన మరుక్షణం వణుకు పుడుతుంది. జీన్స్ అసలే వద్దు. నల్ల కళ్లద్దాలు ఫొటో కోసం కాదు: కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. బూట్లకు ఇనుప ముళ్లు అద్దెకు తీసుకోండి. ముళ్లు తొడుక్కుని జారుడుబల్ల ఆడకండి, ముల్లు మంచులో దిగి చీలమండ విరుగుతుంది. చంద్రశిల మీద అంచుకు వెళ్లకండి, మీరు నిలబడ్డది రాయి కాకపోవచ్చు, గాలికి పేరుకుని శూన్యంలోకి వేలాడే మంచు కావచ్చు. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. మద్యం ముట్టకండి. రెండు జట్లుగా విడిపోకండి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించండి. గైడు వెనక్కి అంటే వెనక్కే, డబ్బులిచ్చామని వాదించకండి. ముందు వెళ్లినవాళ్ల అడుగులు గెడ్డలోకి దిగి ఉన్నా మీరు దిగకండి. వాళ్లు చేరారో లేదో మీకు తెలియదు.

బొబ్బిలి కుర్రాడు ఈ మార్చిలో మళ్లీ వస్తానంటున్నాడు. రమ్మన్నాను. ఈసారి వాడి మెడలో ఈల నేనే కడతాను.