వోల్టేజి డ్రాప్ – 5వ పాఠం: మోటారు ఆపి కొలిస్తే ఏం తెలుస్తుంది?

గత పాఠంలోని అభ్యాసం చాలామందికి తప్పింది. ఆ తప్పు నాదే. స్టార్టరు దగ్గర ఒకసారి, వంద మీటర్ల అవతల బోరు దగ్గర ఒకసారి వోల్టేజి కొలవమన్నాను గాని, మోటారు నడుస్తుండగా కొలవాలని రాయలేదు. అది చెప్పనక్కర లేదనుకున్నాను. రెండు చోట్లా 230 వచ్చిందనీ, దారిలో తీగ తినేస్తుందని లెక్కలో తేలిన 15 వోల్టుల (అదే డ్రాప్) జాడే లేదనీ మీరు అంటున్నారు. మీటరూ తప్పలేదు, లెక్కా తప్పలేదు. త్రీఫేజు సంగతి వాయిదా వేసి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

తీగలో ఎప్పుడూ ఉండేది నిరోధం. డ్రాప్ మాత్రం కరెంటు పారినప్పుడే పుడుతుంది, ఎంత పారితే అంత. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓములు, అంటే వంద మీటర్లకు 0.74, న్యూట్రలు కూడా అంతే పొడవు కాబట్టి మొత్తం 1.48. ఒకటిన్నర హార్స్‌పవర్ సింగిల్‌ఫేజు మోటారు సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటే డ్రాప్ 14.8 వోల్టులు. (పవర్ ఫ్యాక్టరును, అంటే వోల్టేజీ కరెంటూ ఎంతవరకు కలిసి లేచిపడుతున్నాయో చెప్పే అంకెను, వదిలేసి నేరుగా గుణించడం నా అలవాటు, లెక్క కాస్త ఎక్కువ చూపుతుంది, కేబులు ఎంచుకునేటప్పుడు అదే మేలు.)

ఇప్పుడు మోటారు ఆపండి. ఆ తీగల చివర మిగిలిన లోడు మీ మల్టీమీటరొక్కటే. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం కోటి ఓములు, కనుక దాని గుండా పారేది 23 మైక్రోఆంపియర్లు; దానికి డ్రాప్ 34 మైక్రోవోల్టులు. 230 చూపే తెర మీద అది కనబడే ప్రశ్నే లేదు. అసలు ఆపిన మోటారు దగ్గర 230 ఉందని తేల్చి, కేబులు బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేసే పద్ధతి నాకు మహా చిరాకు. ఒకచోట అలాగే తేల్చిన లైనులో నాసిరకం జాయింటు ఒకటి దొరికింది. టేపు మెత్తబడి, నల్లబడి, వేలికి అంటుకుంటోంది. అర ఓము నిరోధం గల జాయింటులో 10 ఆంపియర్లు పారితే పోయేది 5 వోల్టులే, కాని పుట్టే వేడి 50 వాట్లు. మోటారు ఆగి ఉన్నంతసేపూ ఆ జాయింటు నిక్షేపంగా కనిపిస్తుంది.

స్టార్టింగులో కరెంటు నాలుగైదు రెట్లు కాబట్టి డ్రాపూ దాదాపు అన్ని రెట్లు. మోటారు తిరగకుండా మూలగడానికి ఇదీ ఒక కారణం.

అభ్యాసం ఈసారి ఇంట్లోనే. నడుస్తున్న బోరు టెర్మినళ్ల జోలికి అలవాటు లేనివారు వెళ్లవద్దు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరును చుట్ట పూర్తిగా విప్పి, ఒక సాకెట్టులో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టి, పక్క సాకెట్టులో వోల్టేజి చూడండి. ఇస్త్రీపెట్టె దీపం ఆరగానే అంకె పైకి లేస్తుంది, వెలగగానే దిగుతుంది. అయితే ఆ తేడా అంతా ఎక్స్‌టెన్షన్‌ది కాదు, ఇంటి వైరింగు వాటా కూడా అందులో ఉంది. కనుక దీపం వెలుగుతుండగానే అదే స్విచ్‌బోర్డులోని మరో సాకెట్టులోనూ కొలిచి, ఈ రెంటి తేడాను 4.3 ఆంపియర్లతో భాగించండి. లైను వోల్టేజి దానంతటదే ఊగుతుంది కాబట్టి పదిసార్లు కొలిచి సగటు తీయండి. వచ్చిన నిరోధాన్నీ, రానూపోనూ తీగ పొడవునూ బట్టి మీ వైరు ఎన్ని చదరపు మిల్లీమీటర్లో లెక్కగట్టి, పైతొడుగు మీద అచ్చువేసిన అంకెతో పోల్చండి.