కొత్త పూల్‌లో పీహెచ్ నిలవకపోతే వంట సోడా

ఇంట్లో కొత్తగా కట్టించుకున్న పూల్‌లో పీహెచ్ ఇవాళ సరిచేస్తే రేపటికి మళ్లీ మారిపోతోందా? ముందు టెస్ట్ స్ట్రిప్‌తో ఆల్కలినిటీ (పీహెచ్‌ను ఇట్టే మారిపోకుండా నిలిపే గుణం) చూడండి. 80 పీపీఎం (లీటరుకు 80 మిల్లీగ్రాములు) కంటే తక్కువుంటే మామూలు వంట సోడా (బట్టల సోడా కాదు) చాలు. పూల్ షాపుల్లో ఆల్కలినిటీ పెంచడానికి అమ్మే పొడి కూడా చాలావరకు అదే, కిరాణా హోల్‌సేల్‌లో చవక.

10,000 లీటర్లకు 170 గ్రాములు వేస్తే సుమారు 10 పీపీఎం పెరుగుతుంది. మా పూల్ 17,000 లీటర్లు. 50 నుంచి 80కి తేవడానికి 850 గ్రాములు పట్టింది. లెక్కలో సగమే బకెట్ నీళ్లలో కరిగించి, పంపు నడుస్తుండగా చుట్టూ పోయండి. ఆరు గంటలాగి మళ్లీ చూసుకుని మిగతాది.

బోరు నీళ్లతో నింపి ఉంటే మాత్రం తొందరపడొద్దు. చాలాచోట్ల ఆ నీళ్లలో ఆల్కలినిటీ ముందే ఎక్కువుంటుంది, సోడా వేస్తే నీళ్లు తెల్లగా మసకబారొచ్చు.