మినిట్ రిపీటర్ చేతిలోకి తీసుకునే ముందు

జెనీవా వేలంలోనో, తెలిసిన డీలర్ దగ్గరో పాత మినిట్ రిపీటర్ (మీట లాగితే టైముని మోగి చెప్పే వాచీ) చూడబోతున్నారా? డబ్బు మాట ఎత్తకముందే ఇవి చూసుకోండి.

☐ ఉంగరాలు, కడియం తీసేయండి. టేబుల్ మీద మెత్తటి గుడ్డ ఉండాలి.

☐ చేతులకు తడి వద్దు. వీటిలో చాలావాటికి నీళ్లంటే అస్సలు పడదు.

☐ కేసు (వాచీ బయటి లోహపు తొడుగు) పక్కనున్న స్లైడ్‌ని చివరికంటా లాగి వదలండి. అది మోగుతున్నంతసేపూ క్రౌన్ (ముళ్లు తిప్పే గుండీ) జోలికి వెళ్లొద్దు, ముళ్లు తిప్పితే లోపలి భాగాలు విరగొచ్చు, వాటిని బాగుచేసే చేతులు చాలా తక్కువ. నేనొకసారి కంగారులో చెయ్యి పెట్టబోతే డీలరే నా మణికట్టు పట్టుకుని ఆపాడు, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

☐ ఏసీ, ఫ్యాన్ ఆపించి 12:59కి పెట్టి వినండి. అన్నిటికంటే పొడవైన మోత అదే: బొంగురు గొంతుతో 12 గంటలు, జంట దెబ్బలతో 3 పావుగంటలు, సన్నగా 14 నిమిషాలు. వేళ్లమీద లెక్కపెట్టండి, ఒక్కటి తగ్గినా, చివర్లో నీరసంగా ఈడ్చినా సర్వీసు ఖర్చు మీ నెత్తినే. ప్లాటినం కేసులో మాత్రం మోత మామూలుగానే కాస్త మందం, రోజ్ గోల్డ్‌లో తేటగా ఉంటుంది, కాబట్టి దాన్ని లోపం అనుకోకండి.

☐ కేసు నంబరు, మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) నంబరు కాగితాలతో కలవాలి. పటేక్ ఫిలిప్ అనే స్విస్ కంపెనీ వాచీ అయితే ఆర్కైవ్స్ ఎక్స్‌ట్రాక్ట్ (కంపెనీ పాత రికార్డుల నుంచి ఇచ్చే పత్రం) అడగండి. అందులో తయారీ, అమ్మకం తేదీలుంటాయి, కానీ ఇప్పుడున్న డయల్ అసలుదేనని అది హామీ ఇవ్వదు.

☐ ఇండియాకి తెస్తుంటే బిల్లు చేత్తో పట్టుకుని ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో రెడ్ ఛానెల్‌లోకే (సుంకం కట్టాల్సిన వస్తువులు చూపించే దారి) నడవండి.