రెండు పిక్సెళ్లు ఒకేసారి పలికితే ఏం చేయాలి?

నల్గొండలో మా ఎం.ఎస్సీ. పిల్లలకు గామా డిటెక్టర్ కొనే స్తోమత లేదు, అక్కర కూడా లేదు. ఇస్రో 2015లో పంపిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని సీజడ్‌టీఐ (ఎక్స్, గామా కిరణాలను పట్టే పరికరం) డేటా ఉచితంగానే దొరుకుతుంది. ఆ పరికరంలో మొత్తం 64 మాడ్యూళ్లు, ఒక్కోదానిలో 256 పిక్సెళ్లు (కిరణం తగిలితే నమోదు చేసే చిన్న గడులు).

ముందు బంచ్‌లు తీసేయండి. కాస్మిక్ కిరణం తగిలితే వానకు ఉసిళ్లు లేచినట్టు ఒక్కసారిగా చాలా పిక్సెళ్లు లేస్తాయి. ఊరికే గోల చేసే పిక్సెళ్లనూ పక్కన పెట్టండి.

మిగిలినవాటిని కాలక్రమంలో పేర్చి, 40 మైక్రోసెకన్లలోపు పక్కపక్క పిక్సెళ్లలో పడ్డ జంటలను ఏరండి. మూడోది కలిస్తే వదిలేయండి. అసలు చిక్కు ఇక్కడే. ఒకే ఫోటాన్ ఎలక్ట్రాన్‌ను ఢీకొని దారి మళ్లి (కాంప్టన్ పరిక్షేపణ) రెండు చోట్ల శక్తి వదిలిందా? ఒక చోట పుట్టిన చార్జ్ రెండు పిక్సెళ్లకు చీలిందా? రెండు శక్తులనూ విడివిడిగా గ్రాఫు గీయండి. ఒకటి 23 లేదా 27 కేఈవీ (శక్తి కొలమానం) దగ్గర గుమిగూడితే అది డిటెక్టర్‌లోని కాడ్మియం, టెల్లూరియంల ఫ్లోరసెన్స్, అంటే ఆ పరమాణువులు తిరిగి వెదజల్లిన ఎక్స్-కిరణం. పిల్లలు మొత్తం శక్తి మాత్రమే గీసి మురిసిపోతారు. విడి గ్రాఫు చూసేదాకా నేను సంతకం పెట్టను.

కాకతాళీయ జంటల లెక్క సులువు: రెండు పిక్సెళ్ల రేట్లను, 40 మైక్రోసెకన్లను, 2ను ఒకదానితో ఒకటి గుణించండి. సెకనుకు ఒక్కో ఘటన చొప్పున వస్తుంటే ఆ జంటకు సెకనుకు 0.00008. దాన్ని తీసేయండి.

ఒకే పిక్సెల్‌లో రెండు ఫోటాన్లు కలిసి ఒకటిగా నమోదైతే మాత్రం, ఈ ఘటనల జాబితా నుంచి ఏ కోడూ వాటిని విడదీయలేదు.